ప్రోగ్రామింగ్ ఒరవడులు: ‘తరాల’ కథనంపై ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

కంప్యూటర్ ప్రోగ్రామింగ్ చరిత్రను ఆదేశాత్మక, నిర్మాణాత్మక, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్, ప్రమేయాత్మక పద్ధతులు ఒకదాని తరువాత ఒకటి అవతరించిన తరాలుగా చెప్పడం పరిపాటి. ఈ కథనం కాలక్రమానికి నిలవదు. ప్రమేయాత్మక పద్ధతికి మూలమైన లిస్ప్ 1958లోనే మొదలైంది. ఆబ్జెక్ట్ భావనకు మూలమైన సిమ్యులా 67, నిర్మాణాత్మక ప్రోగ్రామింగ్‌కు నాంది పలికిన డైక్‌స్ట్రా లేఖ కంటే ఒక ఏడాది ముందుది. ప్రతి పద్ధతీ ఒక నిర్దిష్టమైన ఇబ్బందికి సమాధానంగా పుట్టిందనీ, ప్రోగ్రామరుకున్న ఒక స్వేచ్ఛను పరిమితం చేసి, దానికి బదులుగా ప్రోగ్రాము గురించి నిశ్చయంగా చెప్పగల శక్తిని ఇచ్చిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘పారడైమ్’ అనే మాటను థామస్ కూన్ చెప్పిన విప్లవార్థంలో కాక, ‘ఒరవడి’ అనే అర్థంలో గ్రహించడమే ఈ చరిత్రకు తగినదని నిరూపించడం వ్యాసోద్దేశం.

కీలక పదాలు: ప్రోగ్రామింగ్ ఒరవడి, ఆదేశాత్మక పద్ధతి, ఆబ్జెక్ట్, ప్రమేయం, తర్కం, స్థితి, కంప్యూటర్ శాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్ శాస్త్రం చదివే విద్యార్థి సాధారణంగా మొదట సి భాషను, తరువాత జావాను గానీ సి ప్లస్ ప్లస్‌ను గానీ నేర్చుకుంటాడు. ప్రమేయాత్మక, తార్కిక పద్ధతులు ఎదురైతే చివరి సంవత్సరాల్లో ఐచ్ఛికాంశంగా ఎదురవుతాయి. పాఠ్యప్రణాళికలోని ఈ వరుస క్రమంగా చరిత్రలోని వరుసగా అతని మనసులో స్థిరపడుతుంది. ముందు నేర్చినది పాతది, తరువాత నేర్చినది దానిని కాలదోషం పట్టించినది అనే భావన ఏర్పడుతుంది. ఒక్కో భాషకు ఒక్కో పద్ధతి చొప్పున గళ్లు గీసిన పట్టిక ఈ భావనను మరింత బిగిస్తుంది.

దీనివల్ల కలిగే నష్టం చిన్నది కాదు. ఒక పద్ధతి ఏ ఇబ్బంది నుంచి పుట్టిందో తెలియనివారికి దానిని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో నిర్ణయించే ఆధారం ఉండదు. నిర్వచనాలు కంఠస్థమవుతాయి, కారణాలు మరుగున పడతాయి. అందువల్ల ఈ వ్యాసం ఒక్కో పద్ధతిని మూడు ప్రశ్నలతో పరిశీలిస్తుంది. అది ఏ సమస్యకు సమాధానంగా వచ్చింది? ప్రోగ్రామరు నుంచి ఏ స్వేచ్ఛను తీసుకుంది? తరువాతి కాలంలో ఏమైంది? పరిశీలనకు 1957 నుంచి 2014 వరకు గల కాలాన్ని ప్రధానంగా స్వీకరించడమైనది.

2. ‘పారడైమ్’ – పద చరిత్ర

‘పారడైమ్’ పదానికి మూలమైన గ్రీకు పదానికి ఉదాహరణ, నమూనా అని అర్థం. పాశ్చాత్య వ్యాకరణాల్లో ఇది పదరూపాల పట్టికకు పేరు. సంస్కృత విద్యార్థి రామశబ్దాన్ని వల్లించి, అకారాంత పుంలింగ శబ్దాలను ఆ తీరునే నడిపిస్తాడు. లాటిన్ విద్యార్థి కూడా ఒక క్రియ రూపాలను నేర్చి, అదే పద్ధతిలో ఇతర క్రియలను నడిపిస్తాడు. థామస్ కూన్ 1962లో వెలువరించిన శాస్త్రీయ విప్లవాల గ్రంథంలో ఈ వ్యాకరణార్థాన్ని ప్రస్తావించి, పదాన్ని విజ్ఞానశాస్త్ర చరిత్రకు విస్తరించాడు. ఆయన దృష్టిలో శాస్త్ర విప్లవమంటే ఒక పారడైమ్ స్థానాన్ని మరొకటి ఆక్రమించడం. కొత్తది నిలిచాక పాతది శాస్త్రజ్ఞుల నిత్యవ్యవహారం నుంచి తొలగిపోతుంది.

ఈ పదం ప్రోగ్రామింగ్ చర్చల్లో స్థిరపడటానికి రాబర్ట్ ఫ్లాయిడ్ 1978లో చేసిన ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసం ముఖ్య కారణం. 1979లో ముద్రితమైన ఆ ఉపన్యాసానికి శీర్షికే ‘ప్రోగ్రామింగ్ పారడైమ్‌లు’. ఫ్లాయిడ్ కూన్‌ను పేర్కొన్నప్పటికీ ఆయన ఆశయం వేరు. ఒకదానిని తొలగించి మరొకదానిని ప్రతిష్ఠించమని ఆయన కోరలేదు. ప్రోగ్రామరు తనకు తెలిసిన పద్ధతుల నిల్వను పెంచుకోవాలనీ, అధ్యాపకులు భాషా వ్యాకరణంతో ఆగక పద్ధతులనే బోధించాలనీ, ఆ పద్ధతులకు భాషలు అనుకూలించాలనీ కోరాడు. అంటే పదం కూన్‌ది, భావం మాత్రం వ్యాకరణవేత్తలది.

తెలుగులో ఈ భావానికి సరిపోయే మాట ‘ఒరవడి’. గురువు రాసి ఇచ్చిన ఒరవడిని శిష్యుడు దిద్దుతాడు. చేతికి ఒక ఒరవడి అలవడినంత మాత్రాన మరొకటి అసాధ్యం కాదు. రెండవది మొదటిదాన్ని చెరిపివేయదు. ఇకమీదట ఈ వ్యాసంలో పారడైమ్‌కు ఈ మాటనే వాడడమైనది.

3. ఆదేశాత్మక ఒరవడి, నిర్మాణ క్రమశిక్షణ

ఐబీఎం సంస్థలో జాన్ బాకస్ బృందం రూపొందించిన ఫోర్‌ట్రాన్ 1957లో ఐబీఎం 704 యంత్రానికి అందింది. గణిత సూత్రాలను సూత్రాల్లాగే రాసే వీలు కల్పించి, యంత్రభాషలో రాసే శ్రమను తగ్గించడం దాని లక్ష్యం. చేతితో రాసిన యంత్రభాషా ప్రోగ్రాముతో పోటీపడే వేగం లేకపోతే దానిని ఎవరూ వాడరన్న శంక ఉన్నందున, భాష యంత్రానికి దగ్గరగానే నిలిచింది. చలరాశి అంటే మెమరీలోని ఒక గడి. ప్రోగ్రాము అంటే ఆ గడుల్లోని విలువలను మారుస్తూ పోయే ఆదేశాల వరుస. ‘ఎక్స్ విలువకు ఒకటి కలిపి తిరిగి ఎక్స్‌లోనే ఉంచు’ అనే వాక్యం గణితజ్ఞునికి సమీకరణంగా అసంబద్ధం. ప్రోగ్రామరుకు ఆదేశంగా అతి సహజం. ఈ రెండు చదువుల మధ్య తేడాలోనే తరువాతి వాదాలకు బీజం ఉంది.

ఆదేశాల వరుసలో ఒక చోటు నుంచి మరొక చోటికి దూకించే ‘గోటూ’ ఆదేశం ప్రోగ్రామరుకు అపారమైన స్వేచ్ఛనిచ్చింది. ప్రోగ్రాములు పెద్దవైన కొద్దీ ఆ స్వేచ్ఛే చిక్కుముడిగా మారింది. కొరాడో బోమ్, జుసెప్పె జాకొపీని 1966లో ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం వరుసక్రమం, ఎంపిక, పునరావృత్తి అనే మూడు నిర్మాణాలు ఏ గణనకైనా సరిపోతాయి. గోటూ లేకుండా రాయడం సాధ్యమేనని ఇది చూపింది. అలా రాయడం ఎందుకు అవసరమో 1968 మార్చిలో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా లేఖ చెప్పింది. గోటూను హానికరమని ప్రకటించే ఆ లేఖ శీర్షిక సంపాదకుడు నిక్లౌస్ విర్త్ పెట్టినది. డైక్‌స్ట్రా వాదానికి ఆధారం యంత్రం కాదు, మానవ బుద్ధి. నిశ్చలమైన సంబంధాలను మనసు చక్కగా పట్టుకోగలదు. కాలంలో సాగే ప్రక్రియను ఊహించడంలో తడబడుతుంది. కాబట్టి కాగితం మీది ప్రోగ్రాముకూ, యంత్రంలో నడిచే ప్రక్రియకూ మధ్య దూరం వీలైనంత తగ్గాలి.

అదే ఏడాది అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యంలో జరిగిన సదస్సు పెద్ద సాఫ్ట్‌వేర్ నిర్మాణంలోని సంక్షోభాన్ని బహిరంగంగా చర్చించింది. ఆ వాతావరణంలో నిర్మాణాత్మక ప్రోగ్రామింగ్ ఉద్యమంగా ఎదిగింది. అయితే వాదం అక్కడితో ముగియలేదు. కొన్ని సందర్భాల్లో గోటూయే స్పష్టతనిస్తుందని డొనాల్డ్ నూత్ 1974లో సోదాహరణంగా చూపాడు. నిలిచినది నిషేధం కాదు, అలవాటు. నేడు ఏ భాషలో రాసినా ‘ఇఫ్’, ‘వైల్’ నిర్మాణాలు సహజమైనవిగా తోస్తాయి. వాటి వెనుక ఒక ఉద్యమం ఉందన్న సంగతే విస్మృతమైంది.

4. ఆబ్జెక్ట్ ఒరవడి

ఆబ్జెక్ట్ భావన నిర్మాణాత్మక ప్రోగ్రామింగ్ వైఫల్యం నుంచి పుట్టలేదు. అది నార్వేలో, వేరొక అవసరం నుంచి వచ్చింది. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో క్రిస్టెన్ నైగార్డ్, ఓలె-యోహాన్ డాల్ 1960ల ఆరంభం నుంచి వాస్తవ వ్యవస్థలను కంప్యూటరులో అనుకరించే భాషపై పనిచేశారు. వరుసల్లో వేచి ఉండేవారు, సేవలందించే కేంద్రాలు, వాటి మధ్య జరిగే సంఘటనలు వారి విషయం. ఇలాంటి వ్యవస్థను ఒకే ఆదేశాల వరుసగా రాయడం కృత్రిమం. అందులోని ప్రతి పాత్రకూ తన సొంత స్థితి, తన సొంత ప్రవర్తన ఉంటాయి. 1967లో వెలువడిన సిమ్యులా 67 ‘క్లాస్’, ‘ఉపక్లాస్’ భావనలను ఇచ్చింది. ఈ కృషికి ఆ ఇద్దరికీ 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది. మరుసటి ఏడాదే ఇద్దరూ మరణించారు.

తరాల కథనానికి గట్టి ప్రతికూల సాక్ష్యం 1972లో దొరుకుతుంది. ఆ ఏడాది డాల్, డైక్‌స్ట్రా, టోనీ హోర్ కలిసి వెలువరించిన గ్రంథం పేరే ‘స్ట్రక్చర్డ్ ప్రోగ్రామింగ్’. అందులో డాల్, హోర్ రాసిన భాగం సిమ్యులా క్లాసుల ఆధారంగానే సాగుతుంది. పాఠ్యపుస్తకాలు రెండు తరాలుగా విడదీసిన భావనలు ఆనాటి రచయితలకు ఒకే అట్ట మధ్య ఒదిగే విషయాలు. ఆదేశాలకు క్రమం కల్పించడం, సమాచారానికి క్రమం కల్పించడం వారికి ఒకే ప్రయత్నంలోని రెండు పార్శ్వాలు.

అమెరికాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ పరిశోధన కేంద్రంలో అలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ తదితరులు 1972 నుంచి అభివృద్ధి చేసిన స్మాల్‌టాక్ ఈ భావనను మరో దిశకు తీసుకెళ్లింది. కే దృష్టిలో ప్రధానమైనది క్లాస్ కాదు, సందేశం. ప్రతి ఆబ్జెక్టూ తనలో తాను ఒక చిన్న కంప్యూటరు. ఇతరులు దాని లోపలి గడులను తాకరు, సందేశం పంపి సమాధానం పొందుతారు. మరోవైపు బ్యార్నె స్ట్రౌస్ట్రుప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో సిమ్యులా క్లాసులను సి భాషకు జోడించడం ఆరంభించాడు. అది 1983లో సి ప్లస్ ప్లస్ అనే పేరు పొందింది. 1995లో వచ్చిన జావాతో ఈ రెండవ మార్గమే తరగతి గదులకు విస్తృతంగా చేరింది. దారులు వేరైనా తీసుకున్న స్వేచ్ఛ ఒకటే: ఎక్కడి నుంచైనా ఏ సమాచారాన్నైనా నేరుగా మార్చే స్వేచ్ఛ.

5. ప్రమేయాత్మక ఒరవడి

ఈ ఒరవడి మూలాలు ఎలక్ట్రానిక్ కంప్యూటరు కంటే పాతవి. అలాంజో చర్చ్ 1930లలో రూపొందించిన లాంబ్డా కలనంలో గణన అంటే ప్రమేయాన్ని విలువకు వర్తింపజేయడం. అందులో గడులు లేవు, మార్పు లేదు. జాన్ మెకార్తీ 1958లో ఎంఐటీలో లిస్ప్‌ను ఆరంభించినప్పుడు కృత్రిమ మేధకు కావలసిన సంకేతాల జాబితాలను నడిపించడం ఆయన సమస్య. ఒక బీజగణిత సమాసాన్ని అవకలనం చేయాలంటే దాని భాగాలను అదే నియమంతో అవకలనం చేయాలి. అంటే తనను తాను పిలుచుకునే ప్రమేయం కావాలి. నాటి ఫోర్‌ట్రాన్‌లో ఆ వీలు లేదు. మెకార్తీ 1960 వ్యాసం చర్చ్ సంకేతాన్ని స్వీకరించి భాషకు గణిత రూపమిచ్చింది. అయితే లిస్ప్ విలువలను మార్చే వీలును పూర్తిగా వదులుకోలేదు. ఒరవడి శుద్ధరూపం తరువాతి ఆదర్శమే కాని, ఆరంభస్థితి కాదు.

విశేషమేమంటే, ఆదేశాత్మక ఒరవడిపై తీవ్రమైన విమర్శ దాని నిర్మాతల్లో ఒకరి నుంచే వచ్చింది. ఫోర్‌ట్రాన్‌ను తీర్చిన బాకస్ 1977 ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసంలో, వాన్ నాయ్‌మన్ యంత్రనిర్మాణం ప్రోగ్రామర్ల ఆలోచనను బంధించిందని వాదించాడు. గణన విభాగానికీ మెమరీకీ మధ్య ఒక్కో విలువ చొప్పున రాకపోకలు సాగే ఇరుకు దారిని ఆయన సీసా మెడతో పోల్చాడు. విలువను ఆపాదించే ప్రతి వాక్యమూ ఆ ఇరుకు దారిని భాషలోకి తెచ్చి, ఆలోచనను కూడా ఇరుకు చేస్తుందన్నది ఆయన ఆరోపణ. ఇదే బాకస్ 1959లో భాషా వాక్యనిర్మాణాన్ని సూత్రాలుగా రాసే పద్ధతిని ప్రతిపాదించినవాడు. ఆ పద్ధతికి పాణిని పేరు కూడా జోడించాలని పీటర్ ఇంగర్‌మన్ 1967లో సూచించిన విషయం భారతీయ పాఠకులకు ఆసక్తికరం.

ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ 1970లలో సిద్ధాంత నిరూపణ వ్యవస్థ కోసం నిర్మించిన ఎంఎల్, 1987లో పోర్ట్‌లాండ్ సమావేశంలో సంకల్పించి 1990లో తొలి నివేదికగా వెలువడిన హాస్కెల్ ఈ దారిలో మైలురాళ్లు. ఈ ఒరవడిని ‘ఇందులో అది లేదు, ఇది లేదు’ అంటూ నిషేధాలతో వర్ణించడం చాలదని జాన్ హ్యూస్ ప్రసిద్ధ వ్యాసం వాదించింది. ప్రోగ్రామును ముక్కలుగా చేసి తిరిగి అతికించడానికి కావలసిన మేలైన జిగురును ఇది ఇస్తుందన్నది ఆయన సమర్థన. ఒక నిషేధం విలువ అది తెరిచే అవకాశంలోనే ఉందన్న ఈ పరిశీలన అన్ని ఒరవడులకూ వర్తిస్తుంది.

6. తార్కిక ఒరవడి

ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో అలాన్ కోల్మెరావర్, ఫిలిప్ రూసెల్ 1972లో ప్రోలాగ్‌ను రూపొందించారు. ఫ్రెంచి భాషలో మనిషితో సంభాషించగల వ్యవస్థను నిర్మించడం వారి ప్రయత్నం. ఎడిన్‌బరోలో ఉన్న రాబర్ట్ కొవాల్‌స్కీతో జరిగిన ఆలోచనల వినిమయం దీనికి సిద్ధాంత బలాన్నిచ్చింది. అల్గారిథం అంటే తర్కం, నియంత్రణల కలయిక అని కొవాల్‌స్కీ 1979లో సూత్రీకరించాడు. ఏది సత్యమో చెప్పడం ప్రోగ్రామరు పని. దానిని ఏ వరుసలో వెదకాలో నిర్ణయించడం వ్యవస్థ పని.

బంధుత్వ పదాలతో దీనిని సులభంగా వివరించవచ్చు. ‘తల్లికి సోదరుడైనవాడు మేనమామ’ అన్నది ఒక నియమం. ఎవరు ఎవరి తల్లి, ఎవరు ఎవరి సోదరుడు అన్నవి వాస్తవాలు. ఈ ఒక్క నియమంతోనే ఫలానా బిడ్డకు మేనమామ ఎవరని అడగవచ్చు. ఫలానా వ్యక్తి ఎవరెవరికి మేనమామ అనీ అడగవచ్చు. ఆదేశాత్మక పద్ధతిలో ఈ రెండింటికీ రెండు వేర్వేరు వెదుకులాటలు రాయాలి. అయితే ఆచరణలో ప్రోలాగ్ నియమాలను పైనుంచి కిందికి వరుసగా పరీక్షిస్తుంది కాబట్టి, నియమాల క్రమం పట్ల ప్రోగ్రామరు జాగ్రత్త వహించక తప్పదు.

జపాన్ 1982లో ఆరంభించిన ఐదవ తరం కంప్యూటర్ పథకం తార్కిక ప్రోగ్రామింగ్‌ను పునాదిగా ఎంచుకుంది. పథకం పేరులోనే తరాల భావన ఉంది. దశాబ్దం తరువాత అది ముగిసినా, ఆశించిన తరమార్పు రాలేదు. కాని కావలసినది చెప్పి, దారిని వ్యవస్థకు వదిలే ఇదే దృష్టి డేటాబేస్ రంగంలో నిశ్శబ్దంగా గెలిచింది. ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించిన సంబంధాత్మక నమూనా, దానిపై ఐబీఎంలో పుట్టిన ఎస్‌క్యూఎల్ నేటికీ నిత్యవ్యవహారంలో ఉన్నాయి.

7. తులనాత్మక పరిశీలన

ఒక తరగతి మార్కుల జాబితా నుంచి ఉత్తీర్ణుల సగటును లెక్కించాలనుకుందాం. ఆదేశాత్మక పద్ధతిలో మొత్తానికి ఒక గడి, సంఖ్యకు ఒక గడి సున్నాతో మొదలై, జాబితా వెంట నడుస్తూ మారుతాయి. ఆబ్జెక్ట్ పద్ధతిలో మార్కులను తనలో దాచుకున్న ఆబ్జెక్టును సగటు అడుగుతాం. ప్రమేయాత్మక పద్ధతిలో ఉత్తీర్ణులను వడపోసే ప్రమేయం ఫలితాన్ని సగటు ప్రమేయానికి అందిస్తాం. ఎస్‌క్యూఎల్ వంటి ప్రకటనాత్మక భాషలో ఏ వరుసల సగటు కావాలో చెప్పి ఊరుకుంటాం. నాలుగింటి జవాబూ ఒకటే. చర్చ్, ట్యూరింగ్ 1936–37లో ప్రతిపాదించిన నమూనాల గణనశక్తి సమానమని అప్పుడే నిరూపితమైంది. కనుక ఏమి లెక్కించగలం అన్న ప్రశ్నతో ఒరవడులను వేరుచేయలేం.

అసలు తేడా పునర్మూల్యాంకనం తరువాత ఒక విద్యార్థి మార్కు మారినప్పుడు బయటపడుతుంది. ఆదేశాత్మక ప్రోగ్రాములో ముందే లెక్కించి ఉంచిన మొత్తం తప్పుగా మిగిలిపోవచ్చు. దానిని ఎవరు, ఎప్పుడు సవరించాలో ప్రోగ్రామరు గుర్తుంచుకోవాలి. ఆబ్జెక్ట్ పద్ధతిలో మార్కును మార్చే దారి ఒక్కటే కనుక ఆ బాధ్యతను ఆ దారి వద్ద కాపలా పెట్టవచ్చు. ప్రమేయాత్మక పద్ధతిలో పాత జాబితా చెక్కుచెదరదు, సవరించిన కొత్త జాబితా ఏర్పడుతుంది. పాత సగటు పాత జాబితాకు ఎప్పటికీ సరైనదే; అయితే మెమరీ నిర్వహణ భారం పెరుగుతుంది. ప్రకటనాత్మక పద్ధతిలో వాస్తవం మారితే తరువాతి ప్రశ్నకు కొత్త జవాబు దానంతట అదే వస్తుంది. కాని దానికి పట్టే కాలం నేరుగా ప్రోగ్రామరు అదుపులో ఉండదు.

మార్పు అనివార్యం. దానిని ఎవరి అధీనంలో ఉంచాలన్నదే ఒరవడుల మధ్య అసలు వివాదం. ప్రతి సమాధానానికీ ఒక లాభం, ఒక వెల ఉన్నాయి.

8. సరిహద్దుల సడలింపు

2000ల మధ్యకాలం నుంచి ప్రాసెసర్ల వేగం మునుపటిలా పెరగక, ఒకే చిప్‌లో అనేక కోర్లను అమర్చడం సాధారణమైంది. ఒకే గడిని ఏకకాలంలో పలువురు మార్చే ప్రమాదం పెరిగింది. మారని విలువలతో నడిచే ప్రమేయాత్మక అలవాట్లకు అప్పుడు కొత్త ప్రయోజనం దొరికింది. 2011 ప్రమాణంతో సి ప్లస్ ప్లస్‌లోకి, 2014లో ఎనిమిదవ రూపంతో జావాలోకి లాంబ్డాలు వచ్చాయి. చర్చ్ సంకేతం ఎనిమిది దశాబ్దాల తరువాత ఆబ్జెక్ట్ భాషల్లో నివాసం ఏర్పరచుకుంది. ఎరిక్సన్ సంస్థలో టెలిఫోన్ వ్యవస్థల కోసం 1980లలో పుట్టిన ఎర్లాంగ్ మరింత ఆసక్తికరమైనది. దాని తొలి రూపాన్ని ప్రోలాగ్‌లో రాశారు, భాష ప్రమేయాత్మకం, దాని ప్రక్రియలు పరస్పరం సందేశాలతోనే మాట్లాడుకుంటాయి. దీనిని పట్టికలోని ఏ గడిలో ఉంచాలి?

భాషలను జీవజాతుల్లా వర్గీకరించే అలవాటును విడిచి, వాటిని లక్షణాల సమాహారాలుగా బోధించాలని శ్రీరామ్ కృష్ణమూర్తి 2008లో వాదించడానికి నేపథ్యం ఇటువంటి ఉదాహరణలే. ఆ సూచన భాషల విషయంలో అంగీకార్యమే. అయినా ఒరవడి అనే భావన నిరుపయోగం కాదు. భాష అనేక ఒరవడులకు చోటివ్వవచ్చు. ఒక ప్రోగ్రాములోని ఒక భాగంలో మార్పును ఎవరి అధీనంలో ఉంచాలో మాత్రం రాసేవారే నిర్ణయించాలి. అన్నీ అందుబాటులో ఉన్న భాషలో ఆ నిర్ణయం మరింత బరువైనది. ఎందుకంటే భాష విధించని క్రమశిక్షణను రాసేవారే తమకు తాము విధించుకోవలసి ఉంటుంది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. ప్రధాన ఒరవడుల మూలాలన్నీ 1957–1972 మధ్య పదిహేనేళ్లలో, వేర్వేరు చోట్ల, వేర్వేరు అవసరాల నుంచి రూపుదిద్దుకున్నాయి. అవి సమకాలికాలే కాని తరాలు కావు.

2. ప్రతి ఒరవడీ ఒక స్వేచ్ఛను పరిమితం చేసింది. నిర్మాణ క్రమశిక్షణ దూకే స్వేచ్ఛను, ఆబ్జెక్ట్ ఒరవడి సమాచారాన్ని తాకే స్వేచ్ఛను, ప్రమేయాత్మక ఒరవడి విలువను మార్చే స్వేచ్ఛను, తార్కిక ఒరవడి దారిని నిర్దేశించే స్వేచ్ఛను తగ్గించాయి. ప్రోగ్రాము గురించి నిశ్చయంగా మాట్లాడగలగడం అందుకు ప్రతిఫలం.

3. కూన్ చెప్పిన స్థానాక్రమణ ఇక్కడ జరగలేదు. ఓడినదని భావించిన ఒరవడి సైతం వేరొక రూపంలో మిగిలిన వాటిలో కలిసి నిలిచింది.

4. కనుక బోధనలో భాషల వరుసకు బదులుగా సమస్యల వరుసను అనుసరించడం ఉచితం. ఒకే సమస్యను, దానిలో తరువాత వచ్చే ఒకే మార్పును, వేర్వేరు ఒరవడుల్లో రాయించి పోల్పించే అభ్యాసం నిర్వచనాల కంఠస్థం కంటే మేలు చేస్తుంది.

పద్ధతుల నిల్వను పెంచుకోవాలని ఫ్లాయిడ్ 1978లో కోరినది దాదాపు ఇదే. ఒక్క ఒరవడినే దిద్దిన చేయి అందమైన అక్షరాలు రాయవచ్చు. ఏ కాగితానికి ఏ అక్షరం తగునో తెలియాలంటే మాత్రం మిగిలిన ఒరవడులనూ దిద్ది ఉండాలి.